చలికాలం గులాబీల పెట్టె – మీ వినియోగదారుల సేవపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. గులాబీలను చలికాలానికి సిద్ధం చేసుకోవడానికని మీ దగ్గర తెప్పించుకున్న పెట్టెలో, కోసిన కొమ్మలకు పూసే రాగి మందు డబ్బా ఎండిపోయి వచ్చింది. మూత తీస్తే అడుగున పగుళ్లిచ్చిన నీలం పెచ్చు తప్ప ఏమీ లేదు. సరే, వెయ్యింటిలో ఒకటి పాడవుతుంది. ఒక్క డబ్బా కోసం నేను ఉత్తరం రాసే మనిషిని కాను. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తీరు గురించే ఇదంతా.

తొందర ఎందుకో మీ కాల్ సెంటరులో ఎవరికీ ఎక్కలేదు కనుక మీకైనా చెప్పాలి. వానలు వెనకబట్టాక అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఇంచుమించు 45 రోజులకు పూలు మొదలవుతాయి. బయటి వైపు తిరిగిన మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కోసిన చోట వెంటనే రాగి మందు పూయాలి. లేదంటే కొస నుంచి నలుపు దిగి కొమ్మ కొమ్మంతా ఎండుతుంది. గ్లాడియేటర్, డబుల్ డిలైట్ రకాల గులాబీలన్నీ కోసి, గాయాలు ఆరకముందే మీకు ఫోను చేశాను.

మొదట మాట్లాడిన అబ్బాయి మహా మర్యాదస్తుడు. "రేపు సాయంత్రానికి కొత్త డబ్బా మీ ఇంట్లో ఉంటుంది మేడమ్" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. తర్వాత ఒక అమ్మాయి డబ్బా ఫోటో అడిగింది. పంపితే, మూత బిగించి ఉన్నప్పటి ఫోటో కావాలంది. ఇంకొకామె, ఒక్క డబ్బా మార్చడం కుదరదు, పెట్టె మొత్తం వాపసు ఇవ్వాల్సిందే అని తేల్చింది. "వేపపిండి, ఎముకల పొడి పశువుల ఎరువులో కలిపి పాదుల్లో వేసేశాను తల్లీ" అన్నాను. "పర్వాలేదు మేడమ్, మళ్లీ అదే సంచుల్లో నింపి ఉంచండి, మావాళ్లు వచ్చి తీసుకెళ్తారు" అంది. మట్టిలోంచి వేపపిండి ఏరే విద్య మీ శిక్షణలో నేర్పుతారేమో, నాకు మాత్రం రాదు.

గొంతు పెంచితే మీ ఉద్యాన నిపుణుడికి కలిపారు. ఆయన పాఠం అప్పగించినట్టు చెప్పుకుపోయారు: నేల గడ్డకట్టే చలి మొదలవగానే మొక్క మొదట్లో 10 నుంచి 12 అంగుళాల ఎత్తున మట్టి ఎగదోసి, పైన గోనెపట్టా చుట్టాలట. "బాబూ, నేను సికింద్రాబాద్ నుంచి మాట్లాడుతున్నాను" అన్నాను. "మీ దగ్గర హిమపాతం ఏ నెలలో మొదలవుతుంది మేడమ్?" అని అడిగారు! ఆ సలహా తప్పని అనను. మా ఆడపడుచు ఉండే అమెరికాలోని మిన్నెసోటాలో పొదను పొదగా పక్కకు వంచి గోతిలో పడుకోబెట్టి పూడ్చేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ అలా కాపాడకపోతే మొక్క దక్కదు. మన దగ్గర గులాబీ బాగా పూసేదే చలికాలంలో. మొక్క ఏ ఊళ్లో ఉందో అడగకుండానే వైద్యం చెప్పే ఈ నిపుణుడిని ఎక్కడ పట్టారు?

ఆ రాత్రే సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" పరిష్కారమైన ఫిర్యాదును తిరిగి తెరవలేమన్నారు. కొత్తది పెడితే, ఇదే విషయం ఇదివరకే పరిష్కారమైందంటూ దాన్నీ మూసేశారు. ఈ తెలివి డబ్బా మూత బిగించడంలో చూపించి ఉంటే మందు ఎండేది కాదు.

చివరికి ఎరువుల దుకాణంలో కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కొని, చిక్కగా కలిపి నేనే పూసుకున్నాను. అప్పటికే డబుల్ డిలైట్ కొమ్మలు కొన్ని నల్లబడ్డాయి. పచ్చదనం కనిపించేదాకా కిందికి కోయక తప్పలేదు.

మీది చిన్న దుకాణంగా ఉన్నప్పటి నుంచీ నేను మీ ఖాతాదారుని. అప్పట్లో యజమానే ఫోను ఎత్తి, "అమ్మా, అంటు కింద నుంచి వచ్చే పిలకలు తీసేస్తున్నారా?" అని అడిగేవారు. మా కాలనీలో సగం మేడల మీద మీ కుండీలే ఉన్నాయంటే, పైసా కమిషను లేకుండా మీ పేరు మోసింది నేనే. దానికి దక్కిన గౌరవం ఇదన్నమాట.

డబ్బా ధర కోసం కాదు నా పోరాటం, ఇస్తే వద్దనను. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషి ఒకరు ఫోను చేసి, జరిగినదంతా మధ్యలో అడ్డురాకుండా విని, సంజాయిషీ చెప్పాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. "పరిష్కారమైంది" అని సందేశం పంపితే సరిపోతుందని అందులో లేదు. ఈసారీ ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనుండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. మావారు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కాగితాలు సర్దడం మొదలుపెట్టేశారు కూడా.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
సికింద్రాబాద్

తా.క.: జవాబుగా మళ్లీ కూపన్ పంపకండి. పోయినసారి పంపింది మనీ ప్లాంటుకు మాత్రమే చెల్లుతుందట.