చీటీ తీయడం తప్పు కాదు, తర్వాతి లెక్క చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

బడి సీటుకు లాటరీ ఏంటి, ఇది చదువా జూదమా అని ఏటా ఎండాకాలంలో వినిపించే మాటే. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పని చేసిన నాకు మాత్రం చీటీ మీద కోపం లేదు.

ఒకటో తరగతికి వచ్చే పిల్లకు ఐదారేళ్లు. ఆ వయసులో పరీక్ష పెడితే బయటపడేది తల్లిదండ్రుల చదువే. అందుకే 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ఇలాంటి వడపోతను నిషేధించింది. మొదటి తప్పుకు 25 వేల రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. ఇప్పుడు దానికే ‘ఇంటరాక్షన్’ అని పేరు మార్చారనుకోండి. పరీక్ష కాకపోతే పైరవీ. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీకి ఏడాదికి పది సీట్ల కోటా ఉండేది, 2022లో తీసేశారు. ఇక పై తరగతులంటారా, వరంగల్ దగ్గర మామునూరు నవోదయలో ఆరో తరగతికి పరీక్ష పెట్టి ఇచ్చేవి 80 సీట్లు. వాటి కోసం ఐదో తరగతి పిల్లలు ఏడాదంతా ట్యూషన్లలోనే ఉంటారు. చీటీకి కోచింగ్ సెంటర్ లేదు, అదొక్కటి చాలు నాకు.

పోయినేడు మా గల్లీలో తాపీ పని చేసే అతని బిడ్డ కోసం బెస్ట్ అవైలబుల్ స్కూల్ స్కీముకు దరఖాస్తు నేనే నింపాను. ఎస్సీ, ఎస్టీ పిల్లల ఫీజు సర్కారు కట్టి ప్రైవేటు బడిలో చదివించే పథకం ఇది. డ్రా రోజు ఆయన కూలి మానుకొని భార్యను కూడా వెంట తెచ్చాడు. డబ్బాలో చీటీలు కలిపి అందరి ముందే తీశారు. బిడ్డ పేరు రాలేదు. బయటికొచ్చాక ‘మన నసీబు అంతే సార్’ అని ఊరుకున్నాడు. పరీక్షలో పోయి ఉంటే బిడ్డను తిట్టేవాడు, పైరవీలో పోయి ఉంటే నన్ను.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలైనయి. సీటు వచ్చిన ఒకరిద్దరు చేరలేదని తెలిసింది. ఆ ఖాళీలు ఎవరికిస్తారని అడగడానికి ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. వెయిటింగ్ లిస్టు ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. అందరి ముందు చీటీ తీసినప్పుడు కలిగిన నమ్మకమంతా అక్కడే పోయింది. జూన్ సగం దాటాక పిల్లను దగ్గరి సర్కారు బడిలోనే వేశారు. బాగానే చదువుతోంది, అది వేరే సంగతి. కానీ వైన్ షాపులకు డ్రా తీస్తే ఏ దుకాణం ఎవరికి వచ్చిందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది కదా!

పోనీ సీటు వచ్చినవాళ్లయినా సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. సర్కారు ఫీజు బకాయిలు ఇవ్వడం లేదని 2025లో చాలా బళ్లు ఈ స్కీము పిల్లల్ని గేటు దగ్గరే ఆపితే తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది. పైగా ఉన్న సీట్లే కొన్ని. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బళ్ల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు లాటరీతో ఇస్తున్నారు. విద్యా హక్కు చట్టం రెండు చోట్లా అదే అయినా మన తెలంగాణలో ఆ నిబంధన ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది.

చీటీకి ఇల్లు ఎంత దూరమో తెలియదు, అక్క ఆ బడిలోనే చదువుతోందనీ తెలియదు. ఆ లోపం ఒప్పుకుంటాను. దాన్ని సరిచేయడానికి టైం పడుతుందేమో గానీ, డ్రా రోజే వెయిటింగ్ లిస్టుకూ చీటీలు తీసి, వరుస నంబర్లతో గోడకు అంటించడానికి పైసా ఖర్చు లేదు. ఖాళీ పడితే తర్వాతి నంబరుకు ఫోన్ చేయాలి. ఇదంతా మే నెలలోనే అయిపోవాలి.

ఆ తాపీ మేస్త్రీ చిన్న బిడ్డకు వచ్చే ఏడు ఒకటో తరగతి. డ్రా ఏ రోజో కాస్త ముందే చెబితే ఆ రోజుకు పని ఒప్పుకోకుండా ఉంటాడు.

- ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ