వార్షిక నివేదిక: రీఛార్జి అందరికీ ఒకటే, సిగ్నల్ కాదు

సభ్యులందరికీ నమస్కారం.

నల్గొండ జిల్లా దేవరకొండ పట్టణంలో ఉన్నవారూ, చందంపేట, నేరెడుగొమ్ము గుట్టల నడుమ తండాల్లో ఉన్నవారూ రీఛార్జికి కట్టే సొమ్ము ఒకటే. అందే నెట్ మాత్రం ఒకటి కాదు. ఈ అన్యాయం మీదనే ఈ ఏడాది మన సంఘం పని ఎక్కువగా సాగింది. "సిగ్నల్ వస్తలేదు" అని మాత్రమే రాస్తే ఏ కంపెనీ కదలదు కాబట్టి ముందు కొలవడం నేర్పాం.

ఫోన్ మీది గీతలను నమ్మవద్దు, ఒక్కో ఫోన్ ఒక్కో తీరుగా చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెగా ఉంటుంది; సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే బాగున్నట్టే. మైనస్ 115 దాకా పడిపోతే కాల్ తెగుతుంది, ఓటీపీ ఆలస్యంగా వస్తుంది, రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో, వాకిట్లో, చేను దగ్గర వేర్వేరుగా, పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటలకు ఒకసారి రాసుకోవాలి.

అంతటా అంకె పడిపోతే టవర్ దూరంగా ఉన్నట్టు, లేదా గుట్ట అడ్డం ఉన్నట్టు. వాకిట్లో బాగుండి లోపల పోతే గోడలు, స్లాబు కారణం: 2300 మెగాహెర్ట్జ్ తరంగం గోడ దాటడం కష్టం, 850 కొంత చొచ్చుకొస్తుంది. చవక ఫోన్లు ఇలాంటి అన్ని తరంగాలనూ (బ్యాండ్లను) అందుకోలేవు, అందుకే పక్కింట్లో వచ్చేది మనింట్లో రాకపోవచ్చు. అంకె బాగుండి రాత్రిపూటే వేగం తగ్గితే టవర్ మీద వాడకం ఎక్కువైనట్టు. కరెంటు పోయిన కాసేపటికే సిగ్నల్ పోతే టవర్ బ్యాటరీలు పనికిరావు, లేదా జనరేటర్‌లో డీజిల్ లేదు. వీటన్నిటినీ ఒకే ఫిర్యాదులో కలిపేస్తే ఏదీ తేలదు.

కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసినప్పుడు డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తప్పక తీసుకోవాలి. అది లేకుంటే పై మెట్టైన అప్పీలు ముందుకు పోదు. అప్పీలుకు రుసుము లేదు.

రీఛార్జి సంగతి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 13 సార్లు కట్టడం. 30 రోజుల ప్యాక్ కూడా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే చెప్పింది. నెట్ అక్కరలేని కీప్యాడ్ ఫోన్ల వారికి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. అడగనిదే దుకాణాల్లో చాలాసార్లు చెప్పరు, ముసలివాళ్ల తరఫున పిల్లలే అడగాలి.

కొలతల నోటుబుక్కులు, డాకెట్ నంబర్లు సర్వసభ్య సమావేశానికి తేవాలి. పంచాయతీ తీర్మానం జతచేసి నల్గొండ కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ఫిర్యాదుల కార్యక్రమం ప్రజావాణిలో ఇస్తాం.