పిల్లల గది పిల్లల ఎత్తులో ఉండాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

గత కొన్ని వారాలుగా మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ శీర్షిక కింద పిల్లల పడకగదుల ఫొటోలు వస్తున్నాయి. కోట ఆకారంలో మంచం, గోడ పొడవునా కార్టూను బొమ్మల వాల్‌పేపరు, సీలింగు నుంచి వేలాడే మేఘాల దీపాలు కన్నుల పండువగానే ఉన్నాయి. మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లపాటు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని, ఒక మనవడికి నానమ్మను, ఒక మనవరాలికి అమ్మమ్మను. ఆ ఫొటోల్లో ఎంత వెతికినా నాకు కనిపించని ఒక విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ గదుల్లో ఏ ఒక్కదానిలోనూ పుస్తకాల అర నాలుగేళ్ల పిల్లవాడి చేతికి అందే ఎత్తులో లేదు.

ఇది చిన్న లోపం కాదని నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా అబ్బాయి, కోడలు హైదరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు పిల్లవాడి గదిని ఎంతో ప్రేమతో, ఖర్చుకు వెనకాడకుండా చేయించారు. అయితే పనిచేసినవారు బొమ్మల అరను నాలుగున్నర అడుగుల ఎత్తున బిగించి వెళ్లారు. "నానమ్మా, ఆ లారీ దించవూ" అని వాడు అడగడం, నేను దించడం, పది నిమిషాలకు ఇంకొకటి అడగడం, చివరికి పెద్దవాళ్లకు విసుగొచ్చి ఫోను చేతిలో పెట్టడం అలవాటైపోయింది. అక్కడున్న మూడు నెలల్లో నేను చేసిన మార్పు ఒక్కటే. వడ్రంగిని పిలిపించి ఆ అరను ఊడదీయించి, నేలకు జానెడు ఎత్తులో గోడకు గట్టిగా బిగింపించాను. పది రోజులు తిరక్కుండానే వాడు చక్రాలున్నవన్నీ ఒక వైపు, జంతువులన్నీ ఇంకో వైపు పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఒకే రకం వస్తువులను ఒక గుంపుగా చేర్చడమే గణితంలో మొదటి పాఠమని ఒకటో తరగతి చెప్పిన ప్రతి ఉపాధ్యాయురాలికీ తెలుసు. ఆ పాఠం వాడికి అర చెప్పింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన మొదటి శిశు గృహాన్ని తెరిచారు. ఆ తర్వాత పిల్లలు తామే జరుపుకోగల తేలికపాటి కుర్చీలు, వాళ్లే తెరుచుకోగల పొట్టి బీరువాలు చేయించారు. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఆమె పేరు మన వీధివీధినా బడుల బోర్డుల మీద ఉంది. ఆమె చెప్పిన పొట్టి బీరువా మాత్రం ఇళ్లలోకి రాలేదు.

గోడల గురించి కూడా చెప్పాలి. చదువు రావాలన్న ఆతురతతో తల్లిదండ్రులు అక్షరమాల, ఎక్కాలు, పండ్లు, కూరగాయలు, గ్రహాలు, జాతీయ నాయకులు, ఇన్ని చార్టులనూ ఒకే గోడకు అతికిస్తున్నారు. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు ఆరు సైన్సు పాఠాలను, కొన్ని గోడల నిండా అలంకరణ ఉన్న గదిలోను, కొన్ని ఖాళీ గోడల గదిలోను చెప్పించి చూశారు. నిండు గోడల గదిలో పిల్లల దృష్టి 38.6 శాతం సమయం పాఠం మీద లేదు. ఖాళీ గోడల గదిలో అది 28.4 శాతం. పాఠం తర్వాత పెట్టిన పరీక్షలో సరైన జవాబులు నిండు గదిలో 42 శాతమైతే, ఖాళీ గదిలో 55 శాతం. ఇది కొద్దిమందితో చేసిన చిన్న పరిశోధన, అదీ తరగతి గది గురించి. అయినా నా అనుభవం దానితో సరిపోతుంది. ఏడాది పొడవునా కదలకుండా వేలాడే చార్టును పిల్లలు వారం తర్వాత చూడరు. అందుకే ఒక గోడను ఖాళీగా వదిలేసి, రెండో గోడ మీద ఒకే ఒక్క చార్టు పెట్టి, పదిహేను రోజులకొకసారి మార్చండి. బొమ్మల సంగతీ ఇంతే. నాలుగైదు మాత్రమే బయట ఉంచి, మిగతావి అట్టపెట్టెలో దాచి, నెలకొకసారి మారిస్తే పాత బొమ్మే కొత్తదిగా వస్తుంది.

అక్షరాల కోసం యాభై ఆరింటినీ ఒకేసారి గోడకెక్కించడం కన్నా, గదిలో ఉన్న వస్తువుల మీద వాటి పేర్లు తెలుగులో పెద్దగా రాసి అతికించడం మేలు. తలుపు మీద "తలుపు", కిటికీ మీద "కిటికీ", దిండు పక్కన "దిండు". రోజూ వంద సార్లు ముట్టుకునే వస్తువు పక్కనే దాని పేరు ఉంటే, దీర్ఘం, సున్న, గుణింతం కంటికి వాటంతటవే అలవాటవుతాయి. డల్లాస్‌లో ఉండే మా అమ్మాయికి ఇలా ఇరవై చీటీలు రాసి పంపాను. మనవరాలు తెలుగు చక్కగా మాట్లాడేది కానీ చదవలేకపోయేది. మూడో నెలలో "అమ్మమ్మా, దుప్పటిలో ప కింద ఇంకో ప ఎందుకుంది?" అని ఫోనులో అడిగింది. ఒత్తుల పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాం.

కొనకుండా చేసుకోగల అలంకరణలు కొన్ని మన ప్రభుత్వ పాఠశాలల నుంచే తీసుకోవచ్చు. వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందించిన "బాలా" అనే పద్ధతి, అంటే బడి భవనమే బోధనోపకరణం కావాలన్న ఆలోచన, సర్వశిక్షా అభియాన్ కాలంలో అనేక రాష్ట్రాల బడుల్లోకి వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది తలుపు కింది కోణమాపకం. తలుపు తెరుచుకునేటప్పుడు దాని అంచు నేల మీద గీసే అర్ధచంద్రాన్ని గీసి, 30, 45, 60, 90 అని గుర్తులు పెడతారు. ఇంట్లో పలకరాళ్ల నేల మీద రంగు నిలవదు కనుక రంగు టేపు ముక్కలు చాలు. "తలుపు నలభై ఐదు డిగ్రీలు తెరిచి ఉంచు" అని రోజూ విన్న పిల్లకు ఆరో తరగతిలో కోణమంటే భయం ఉండదు. ద్వారబంధానికి సెంటీమీటర్లలో గుర్తులు పెట్టి ప్రతి పుట్టినరోజుకూ ఎత్తు కొలిచి, తేదీ ఆ పిల్లవాడి చేతనే రాయించండి. తాతయ్య ఎత్తు కూడా పక్కనే గుర్తుపెడితే తీసివేతల లెక్కలకు కొదవుండదు.

తూర్పు కిటికీ ఉన్న గదికి ఇంకొక భాగ్యం ఉంది. ఉదయపు ఎండ ఎదురుగోడ మీద పడిన చోటును, ప్రతి నెలా ఒకే తేదీన, సూర్యుడు వచ్చిన కాసేపటికి పెన్సిలుతో గుర్తించండి. డిసెంబరు చివర సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు కనుక వెలుగు గోడ మీద ఉత్తరం వైపుకు జరిగి ఉంటుంది. జూన్ నాటికి అదే వెలుగు దక్షిణం వైపుకు వస్తుంది. సంక్రాంతినాడు పెద్దలు చెప్పే ఉత్తరాయణం తన పడక పక్క గోడ మీద నడిచి వెళ్లడం చూసిన పిల్లకు భూమి అక్షం వంపు గురించి వేరే బొమ్మ గీయనక్కర్లేదు. రాత్రివేళ మెరిసే చుక్కల స్టిక్కర్లను, బజారులో రేడియం స్టిక్కర్లంటారు వీటిని, చాలామంది సీలింగు నిండా చల్లినట్టు అతికిస్తారు. వాటినే ఉత్తరం వైపున సప్తర్షి మండలంగా, దాని అంచు రెండు చుక్కలను కలిపి పొడిగిస్తే తగిలే చోట ధ్రువ నక్షత్రంగా అతికిస్తే, కరెంటు పోయిన రాత్రి మేడమీద పిల్లలు అసలు వాటిని తామే పోల్చుకుంటారు.

ఇంతవరకు చదివిన పాఠకులు "మాకు పిల్లల గదే లేదు కదా" అనుకోవచ్చు. మన తెలుగు ఇళ్లలో చాలావాటిలో పిల్లలు అమ్మానాన్నల పక్కన, లేదా నానమ్మ పక్కలో పడుకుంటారు; అది లోటని నేను అనుకోను. మంచం పక్కన మూడడుగుల చోటు చాలు. అద్దె ఇంట్లో మేకు కొట్టడానికి యజమాని ఒప్పుకోరు కాబట్టి, రెండు కిటికీ ఊచలకు అడ్డంగా తాడు కట్టి బట్టల క్లిప్పులతో పిల్లలు గీసిన బొమ్మలు తగిలించవచ్చు. గోడకు నల్లరంగు వేయలేనివారు పాత ప్లైవుడ్ ముక్కకు బ్లాక్‌బోర్డు రంగు పూసి గోడకు ఆనిస్తే, రాసుకోవడానికీ చెరుపుకోవడానికీ పనికొస్తుంది. మా కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో ఖరీదైన వాల్‌పేపరు వానాకాలంలో ఉబ్బి వెనక బూజు పడుతుంది. ఈ ప్లైవుడ్ పలకనైతే తీసి ఆరబెట్టుకోవచ్చు.

రంగుల విషయంలో మాత్రం పొదుపు చేయకండి. గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనాలి. సీసం ఎంత తక్కువైనా పిల్లల మెదడుకు క్షేమమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత ఇంటి తలుపుల రంగును పొడిగా గీకితే వచ్చే దుమ్ము ఇంకా ప్రమాదం. నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దించాలి, పని పూర్తయి కడిగేదాకా పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరైంది, ప్రభుత్వం వద్ద నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మన ఏటికొప్పాక హస్తకళాకారుల బొమ్మలు అంకుడు కర్రతో, లక్కతో తయారవుతాయి. అక్కడ చెట్ల నుంచి తీసే సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నున్నగా, అంచులు గుండ్రంగా ఉండే ఆ బొంగరాలు, గిలకలు పసివాళ్ల చేతికి ఇవ్వదగినవి. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసే సుకుమారమైన పని. వాటిని నోట్లో పెట్టుకునే వయసు దాటాక ఇచ్చి, ఆ ఏనుగు అంబారీ చుట్టూ కథ చెప్పించండి. ఆడపిల్లకు వంటసామాను, మగపిల్లవాడికి కారు అన్న విభజన బొమ్మల అరలోకి రాకుండా చూడమని కూడా తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

మీ ఫొటోల్లో ఒకటి చూసి నాకు గుండె ఝల్లుమంది. రెండంతస్తుల మంచం, దాని పై అంతస్తుకు చేతికందేంత దూరంలో సీలింగు ఫ్యాను. మన ఇళ్లలో ఫ్యాను లేని గది లేదు. పై మంచం మీద పిల్లవాడు లేచి నిలబడితే ఏమవుతుందో ఆ నమూనాను తయారుచేసినవారు ఆలోచించినట్లు లేదు. అలాంటి ఫొటో వేసేటప్పుడు హెచ్చరిక ఒక్క వాక్యమైనా వేయాలి. పొడవాటి బీరువాలు, పుస్తకాల స్టాండ్లు పిల్లలు మెట్లలాగా ఎక్కుతారు కనుక వాటిని గోడకు బిగించాలన్నది కూడా ఆ శీర్షికలో ఎక్కడా లేదు.

నా మనవి రెండు విషయాలు. ఇకపై ఆ శీర్షికలో లక్షలు పోసి చేయించిన గదులతోపాటు, రెండు గదుల ఇంట్లో, పల్లెటూరి పెంకుటింట్లో, అద్దె వాటాలో తల్లిదండ్రులు పిల్లల కోసం సర్దిన మూలల ఫొటోలు కూడా పాఠకుల నుంచి ఆహ్వానించి ప్రచురించండి. రెండవది, నెలకొకసారి అనుబంధం నడిమి పేజీ మొత్తాన్ని గోడకు అతికించుకునే చార్టుగా ఇవ్వండి. ఒక నెల పేర్లు రాయని రెండు తెలుగు రాష్ట్రాల పటం, ఒక నెల మన ఊళ్లలో కనిపించే పక్షులు, ఒక నెల ఆ రుతువు రాత్రి ఆకాశం. పిల్లలు నింపుకోవడానికి ఖాళీలు ఉంచండి. ఆ పేజీ పైన "నేలకు మూడడుగుల లోపు ఎత్తులో అతికించండి" అని పెద్ద అక్షరాలతో వేయించగలరు.

భవదీయురాలు,
విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
కాకినాడ