మగ ఆటగాళ్లను అడగని ప్రశ్నలు

సంపాదకులకు నమస్కారం.

మన క్రీడావార్తల్లో అమ్మాయి గెలిస్తే దేశం కూతురు అంటాం, పెళ్లి చేసుకోగానే ఆమె ఏ దేశానిదని అనుమానం మొదలుపెడతాం. పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్లాడిన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌ని చేస్తే, పాకిస్తాన్ కోడలికి ఈ గౌరవమేంటని ఓ రాజకీయ నాయకుడు అన్నాడు, ఛానళ్లు రోజుల తరబడి దాన్నే చర్చకు పెట్టాయి, చావు వరకు భారతీయురాలినేనని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లోనే ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్, మన సాకేత్ మైనేనితో కలిసి ఇంచియాన్ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం గెలిచింది. యువరాజ్ సింగ్ బ్రిటన్‌లో పుట్టిన అమ్మాయిని చేసుకున్నాడు, అతని దేశభక్తిని ఎవరైనా అడిగారా?

అక్కడితో ఆగలేదు. 2016లో, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, ఒక పేరున్న జర్నలిస్టు టీవీలో ఆమెను ఎప్పుడు స్థిరపడతావు, పిల్లల సంగతేంటి అని అడిగాడు. వింబుల్డన్ గెలిచినా మేం స్థిరపడినట్టు కాదా అన్నట్టు ఆమె గట్టిగానే బదులిచ్చింది. ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు, మగవాళ్లను ఇలా అడగనని కూడా ఒప్పుకున్నాడు (అది మాత్రం మెచ్చుకోవాల్సిందే).

2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప అమ్మాయి శ్రీచరణి ఉంది. దయచేసి మీ క్రీడా విలేకరులు ఆమెను పెళ్లెప్పుడని అడగొద్దు. ఆ ఎడమచేతి స్పిన్ ఎలా పడుతోందో, బ్యాటర్లు ఎక్కడ తడబడుతున్నారో రాయండి, మేం చదువుతాం.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్