కాఫీ తోటను చూపించే పని తోటవారికే ఇవ్వండి

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

గత డిసెంబరులో కుటుంబంతో అరకు వెళ్లాం. విశాఖలో కిరండూల్ రైలెక్కి, బొర్రా గుహలు చూసి, అక్కడి నుంచి వ్యానులో ఘాట్ రోడ్డు మీదుగా అందరూ వెళ్లే దారిలోనే వెళ్లాం. ఒక మలుపు దగ్గర వ్యాను ఆపి, “ఇదే కాఫీ తోట, పది నిమిషాల్లో వచ్చేయండి” అన్నారు. ఫొటోలు తీసుకున్నాం. మాకంటే ముందు వచ్చినవారు కోసి పారేసిన పచ్చికాయలు కాళ్ల కింద నలిగాయి. ఆ తోట ఎవరిదని అడిగితే, మమ్మల్ని తీసుకువెళ్లినవారికి తెలియదు.

మర్నాడు, తెలిసిన ఉపాధ్యాయుడొకరు రోడ్డుకు దూరంగా ఉన్న ఒక గిరిజన కుటుంబం తోటకు పంపించారు. అది రెండెకరాలు కూడా ఉండదు. ఆ ఇంటావిడే తోటంతా తిప్పి చూపించారు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మానులకు అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఎర్రటి పండొకటి మా అమ్మాయి చేతిలో పెట్టి, కొరికి చూడమన్నారు. గుజ్జు తియ్యగా ఉంది. ఇన్నేళ్లుగా పొద్దున్నే కాఫీ తాగుతున్నా, ఆ పండు తియ్యగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఒకే కొమ్మకు ఎర్రవీ పచ్చివీ కలిసే కాస్తాయి. ఎర్రవి మాత్రమే ఏరాలి కాబట్టి, కోతకాలంలో ఒక్కో మొక్క దగ్గరకు మళ్లీ మళ్లీ రావాలి. కోసిన పండ్లను నీళ్లలో పోస్తే తాలు కాయలు పైకి తేలతాయి. మంచివాటి తొక్క తీసి, జిగురు వదిలేదాకా ఉంచి, కడిగి, రోజుల తరబడి ఎండబెట్టాలి. మన్యంలో మంచు పడే రోజులవి. సాయంత్రం కప్పి, ఎండ రాగానే తీసి, ఆ గింజలను పసిపిల్లల్లా చూసుకుంటారు. ఇంతా చేస్తే, సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు వస్తాయి. అది విన్నాక, నిన్న మా కాళ్ల కింద నలిగిన కాయలు గుర్తొచ్చి సిగ్గేసింది.

వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోతే, చూడటానికి వచ్చినవారి దగ్గర ఎలా తీసుకుంటామని ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కోత రోజుల్లో మా కోసం మూడు గంటలు వదులుకున్నారు. ఆ మర్యాదను మేం వాడుకుని వచ్చేశామన్న బాధ ఇప్పటికీ ఉంది. రుసుము ఇంత అని ముందే నిర్ణయించి ఉంటే, ఆవిడ మొహమాటపడే అవసరం ఉండేది కాదు.

అందుకే ఈ లేఖ. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరుతో కాఫీ పారిస్‌లో కూడా అమ్ముడవుతోంది. కర్ణాటకలోని కొడగులో కాఫీ ఎస్టేటు ఉన్నవారు సొంత ఇంట్లోనే అతిథులను దింపుకుని తోట చూపిస్తారు. ఎకరం, రెండెకరాల గిరిజన రైతుకు అంత పెట్టుబడి ఎక్కడిది? ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం ఉంది. ఆ భూమిని చూపించి సంపాదించే డబ్బు మాత్రం ఎవరెవరికో పోతోంది.

మీ శాఖ నడిపే అరకు యాత్రల్లో ఒక పూట తోట సందర్శనకు కేటాయించండి. ఇష్టపడే కుటుంబాలను గ్రామసభే ఎంపిక చేయాలి. ఒక్కో బృందంలో ఎనిమిది మందికి మించకూడదు. రుసుము నేరుగా ఆ కుటుంబం ఖాతాలో పడాలి. కాలిబాట, మరుగుదొడ్డి, తాగునీరు ప్రభుత్వం ఏర్పాటు చేస్తే చాలు. తోట గురించి వారికి మనం నేర్పవలసింది ఏమీ లేదు.

ఇంకొక్క మాట. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. సందర్శకులు కోసి సంచుల్లో వేసుకునే కాయలతో అది ఒక తోట నుంచి మరో తోటకు చేరగలదు. తోటవారు పక్కన లేకుండా ఎవరినీ లోపలికి వదలవద్దని, కాయలు బయటకు తీసుకుపోనివ్వవద్దని దయచేసి ఆదేశించండి.

నవంబరులో పండు కోత మొదలవుతుంది. ఆలోగా కనీసం ఒక్క గ్రామంలోనైనా ప్రారంభించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం వాసి