జాతి వివక్షను ఏ కారణంతో కాదనాలి?

సంపాదకునికి,

అయ్యా,

విదేశాల్లో తెలుగువారు ఎదుర్కొంటున్న జాతి వివక్షపై మీ పత్రికలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. పలువురు పాఠకులు ఇంచుమించు ఒకే మాట రాశారు: మనవాళ్లు బాగా చదువుకున్నవారు, పన్నులు సక్రమంగా కడతారు, ఎవరి జోలికీ పోరు, అలాంటివారిని ద్వేషించడం అన్యాయమని. అన్యాయమన్న మాటతో నాకు పేచీ లేదు. దానికి చూపిన కారణంతోనే పేచీ. చదువూ సంపాదనా లేనివారినైతే ద్వేషించినా ఫరవాలేదన్న ఒప్పుకోలు, రాసినవారికి తెలియకుండానే, అందులో దాగి ఉంది.

ఈ వాదనకు వందేళ్ల చరిత్ర ఉంది. 1790 నాటి అమెరికా చట్టం వలస వచ్చినవారిలో తెల్లవారికే పౌరసత్వం ఇచ్చేది; 1870లో దాన్ని ఆఫ్రికన్ సంతతివారికీ వర్తింపజేశారు గానీ ఆసియావాసులను బయటే ఉంచారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ, భగత్‌సింగ్ థిండ్, తనకు దక్కిన పౌరసత్వాన్ని నిలుపుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. జాతిని బట్టి పౌరసత్వం పంచడమే తప్పని ఆయన తరఫున వాదించలేదు. ఆయన ఉన్నత కులస్థుడైన ఆర్యుడని, కాబట్టి శాస్త్రజ్ఞుల వర్గీకరణ ప్రకారం కకేసియన్ అని, అంటే యూరోపియన్లను చేర్చిన జాతి వర్గానికే చెందినవాడని వాదించారు. పైగా పెళ్లి సంబంధాల విషయంలో అమెరికన్లు నల్లవారిని ఎలా చూస్తారో, అగ్రకుల హిందువులు ఇక్కడి ఆదివాసులను అలాగే చూస్తారని కోర్టుకు విన్నవించుకున్నారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది.

కోర్టు ఏం చేసిందో చూడండి. 1922 నవంబరులో, జపాన్ నుంచి వచ్చిన తకావో ఒజావా కేసులో, ఒంటి రంగు ఎంత తెల్లగా ఉన్నా లాభం లేదని, తెల్లవారంటే కకేసియన్లేనని చెప్పింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, థిండ్ అదే కొలమానాన్ని చూపితే, శాస్త్రం సంగతి అనవసరమని, సామాన్యుడు ఎవరిని తెల్లవారంటే వారే తెల్లవారని తీర్పిచ్చింది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఆ తర్వాత మరికొందరు భారతీయుల పౌరసత్వాలనూ రద్దు చేశారు.

మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యనే ఉందని 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కగట్టి చూపారు; అంటే జాతుల మధ్య తేడా కొద్దిగానే ఉందన్నమాట. దీన్ని పట్టుకుని, జాతే లేనప్పుడు జాతి వివక్ష ఎక్కడిదని అడిగేవారున్నారు. రక్తంలో లేని గీతను చట్టమూ, జనం చూపూ కలిసి గీయగలవు. థిండ్ పోగొట్టుకున్న పౌరసత్వం మాత్రం కల్పన కాదు.

2017లో అమెరికాలోని కాన్సస్‌లో హైదరాబాదులో పెరిగిన ఇంజనీరును కాల్చి చంపినవాడు, తాను ఇరానీయులను కాల్చానని తర్వాత చెప్పుకున్నాడు. పొరపాటు పడ్డాడట అని ఇక్కడ కొందరు నిట్టూర్చారు. పొరపాటు మనిషిని గుర్తించడంలోనే జరిగిందా? చనిపోయింది నిజంగా ఇరానీయుడే అయితే మన బాధ తగ్గేదా?

ఇక ఇంటి సంగతి. మా కాలనీలో, ఇద్దరు పిల్లలూ అమెరికాలో స్థిరపడిన ఒక ఇంటాయన, చదువు కోసం వచ్చిన ఆఫ్రికన్ విద్యార్థి అద్దెకు అడిగితే, పోర్షన్ నిన్ననే ఇచ్చేశామన్నారు. టు-లెట్ బోర్డు ఆ తర్వాత కూడా గేటుకు వేలాడుతూనే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లలోకి రానివ్వకుండా జాతి, కుల, మత కారణాలతో అడ్డుకోవడాన్ని నిషేధించింది గానీ అద్దె ఇళ్ల ప్రస్తావన అందులో లేదు. ఆ విద్యార్థికి చెప్పిన అబద్ధమే దళిత, ముస్లిం కుటుంబాలకూ చెబుతారు కనుక ఇది విదేశీయుల సమస్య మాత్రమే కాదు.

ఇళ్ల అద్దెల చట్టాలు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. జాతి, రంగు, కులం, మతం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని శిక్షార్హం చేసే ఒక్క సెక్షన్‌ను రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ చేర్చాలని కోరుతున్నాను. అమెరికాలో మన హక్కుల కోసం వినతిపత్రాలు ఇస్తున్న తెలుగు సంఘాలు అలాంటిదే మరొకటి హైదరాబాదుకూ, అమరావతికీ పంపితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హైదరాబాదు