విమానానికి ఎఫ్‌సీ ఉందో లేదో మాకూ కనిపించనివ్వండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

మీ శ్రీకాకుళం నుంచే రాస్తున్నాను. మా నాన్నకు సొంత లారీ ఉండేది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు దగ్గరపడిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. బ్రేకులు, లైట్లు అన్నీ సరిచేయించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, ఆ కాగితం చేతికొచ్చాకే నాన్న లోడు ఎత్తేవారు. ఇప్పుడైతే లారీ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే చాలు, ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది.

విమానానికీ ఇలాంటి కాగితాలే ఉన్నాయని ఈమధ్యే వివరంగా తెలుసుకున్నాను. ముందు ఆ మోడల్ డిజైన్ సురక్షితమని చెప్పే టైప్ సర్టిఫికెట్ కావాలి. తర్వాత ప్రతి విమానానికీ విడిగా, అది ఎగరడానికి యోగ్యమైనదని విమానాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ యోగ్యత నిలిచి ఉందో లేదో ఏటా సమీక్షించి ఏఆర్‌సీ (ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్) ఇస్తారు. అదే విమానానికి ఎఫ్‌సీ అనుకోవచ్చు.

2025 నవంబరులో ఒక పెద్ద సంస్థ విమానం ఏఆర్‌సీ గడువు తీరిపోయాక కూడా ప్రయాణికులతో ఎనిమిదిసార్లు ఎగిరింది. ఆ వార్త చదివి చాలాసేపు మామూలు మనిషిని కాలేకపోయాను. అందులో కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా ఆ సంగతి తెలిసే దారి ఉందా? తెలిసి ఉంటే ఎవరైనా ఎక్కేవారా?

కాగితం ఉంటే సరిపోదని కూడా నాకు తెలుసు. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకి అన్ని అనుమతులూ ఉన్నాయి. అమెరికాలో ఆ తనిఖీలో చాలా భాగం తయారీ సంస్థ ఉద్యోగులకే అప్పగించారు. 2018, 2019ల్లో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. అందుకే తనిఖీ చేసే ప్రభుత్వ మనుషులు తగినంత మంది ఉండాలి. మన డీజీసీఏలో 1,063 పోస్టులు మంజూరైతే 553 మందే పనిచేస్తున్నారని 2025లో పార్లమెంటరీ సంఘం చెప్పింది. ఆ ఖాళీలు నింపడం మీ చేతుల్లోనే ఉంది.

ఇంకో రెండు పనులు చేయించండి. విమానం మీద వీటీతో మొదలయ్యే నంబరు ఉంటుంది కదా, దాన్నీ ఏఆర్‌సీ గడువు తేదీనీ బోర్డింగ్ పాస్ మీద వేయించండి. గడువు తీరిన విమానానికి ఫ్లైట్ ప్లాన్ (ఎగిరే ముందు ఇచ్చే ప్రయాణ వివరాలు) ఇస్తే కంప్యూటరే తిప్పికొట్టేలా ఏర్పాటు చేయించండి.

వచ్చే నెల మా అమ్మ మొదటిసారి విమానం ఎక్కుతోంది, విశాఖ నుంచి హైదరాబాద్‌కి. నాన్న లారీ ఎఫ్‌సీ తేదీలన్నీ ఆమే క్యాలెండర్‌లో గుర్తుపెట్టేది. విమానానిది ఎప్పటిదాకా ఉందిరా అని నిన్న అడిగింది. నేనేం చెప్పను?

ఇట్లు,
మీ జిల్లా వాసి